ముందుగా పలికిన ఫోను

ఆ రోజుల్లో బ్లూటూత్ ఉన్న ఫోను చేతిలో ఉంటే మనిషికి గౌరవం పెరిగేది. మాధవరం బస్టాండు దగ్గర మేడ మీద మేం ఆరుగురం ఒక లైబ్రరీ రాస్తుండేవాళ్ళం. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. మామూలు కంప్యూటరు పక్కనున్న ఫోనుతో తీగ లేకుండా మాట్లాడ్డానికి ఇతర ప్రోగ్రామర్లు తెచ్చి వాడుకునే కోడు. నలభై ఒకటో ఏట కోర్సు చేసి చేరాను కనుక, వయసెంతైనా ఉద్యోగంలో నేను పసిదాన్నే. నా ఆరు నెలల ప్రొబేషన్ ముగిసే శుక్రవారమే నెల్లూరు నుంచి కస్టమరు చూడటానికి వస్తున్నారు. ఆయన సరేనంటే నా ఉద్యోగం ఖాయం.

ఫైలు పంపే భాగం నాది. పంపింది పూర్తిగా చేరిందో లేదో తెలియాలంటే ప్రతి వరుసా నాకు కంఠతా వచ్చిన ఫైలు కావాలి. అలాంటిది ఒక్కటే ఉంది: ఆఫీసుకు ఎవరు ఏ రోజు ఎంత ఆలస్యంగా వచ్చారో నేను రాసుకున్న నూట పదమూడు వరుసల పట్టిక. (ఎవరూ రాయమనలేదు. రాయకపోతే నాకు తోచదు.) అందులో యాభై ఒకటి మేనేజరువే. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. మనసులో అతనికి పెట్టుకున్న పేరు 'పదీ నలభై'. ఏ ఫోనుకు పంపాలో ఎంచుకునే వీలు పెట్టమని అతను అడిగితే, ఆఫీసులో ఉన్నదే ఒక్క బ్లూటూత్ ఫోను, ఎంచుకోవడానికేముందని వాదించి, కంప్యూటరు పిలిస్తే మొదట పలికిన ఫోనుకు పంపేట్టు రాశాను.

శుక్రవారం బటను నొక్కాను. బల్ల మీద మా ఫోను ఉలకలేదు. కస్టమరు జేబులోది మోగింది. ఇదీ మేం చూపించేదాంట్లో భాగమే అనుకుని ఆయన 'సరే' నొక్కి, ఒక్కో వరుసా చదువుతూ మేనేజరు వైపు చూడసాగారు.

"చివరి వరుస ఏముంది సార్?" అని అడిగాను.

"నిన్న. మేనేజరు. పదీ నలభై ఒకటి."

"అయితే పూర్తిగా వచ్చింది సార్." అన్నాను.

ఆయన చాలాసేపు నవ్వి, "ఎవురికి పంపాల్నో అడిగేటట్టు మాత్రం పెట్టండమ్మా" అని ఒప్పుకుని వెళ్ళారు.

మేనేజరు నా బల్ల దగ్గర నిలబడ్డాడు. "ఉద్యోగం ఖాయమేక్కా. ఆ లిస్టే అంతా తప్పు."

ఒక్క వరుసా తప్పుండదన్నాను.

"మీ వాచీ పది నిమిషాలు ముందుండాదక్కా. మీరు చేరిన దినమే చూసినాం. చెప్తే నొచ్చుకుంటారని ఊరుకున్నాం."

(కంప్యూటర్ల గడియారాలు వెనకబడ్డాయని నేను రెండుసార్లు ఫిర్యాదు కూడా చేశాను.) ఆ సాయంత్రం కూర్చుని వరుసకు పది చొప్పున వెయ్యి నూట ముప్పై నిమిషాలు తీసేశాను.

ఇప్పుడు వినికిడి తగ్గి పెట్టుకున్న నా చెవి మిషను బ్లూటూత్‌లో ఏ ఫోనుతో కలవాలని అడిగినప్పుడల్లా, తాళం తీసేవాళ్ళింకా రాలేదని రోజూ పది నిమిషాలు ఆఫీసు మెట్ల మీద కూర్చుని లోకాన్ని తిట్టుకున్న ఆవిడ, అంటే అప్పటి నేను, గుర్తొస్తుంది. ఆవిడకు వాచీ సంగతి చెబుదామనుకుంటాను. మళ్ళీ ఆ అయిదుగురిలాగే ఊరుకుంటాను.