ముందు చివరి తూముకే

మొన్న మా మనవరాలు కాలేజీలో ఇవ్వవలసిన పరిశోధన వ్యాసానికి ప్రణాళిక కావాలని ఫోనును అడిగింది. నేను కాఫీ గ్లాసు కడుక్కుని వచ్చేలోపల పీఠిక మొదలు ముగింపు వరకు తొమ్మిది శీర్షికలు తెర మీద బారులు తీరి ఉన్నాయి. అలాంటి ఒక్క కాగితం కోసం నేను బందరులో పడిన పాట్లు గుర్తొచ్చి నవ్వు వచ్చింది, కాస్త కుళ్ళు కూడా వచ్చింది, దాచుకోవడం దేనికి.

అరవయ్యో దశకం మొదట్లో నేను బందరు హాస్టల్లో ఉండి బి.ఏ. ఆఖరు సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న గుడ్లవల్లేరు దగ్గర కాలువ మీద లస్కరు, అంటే తూములు ఎత్తి దించి ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకు వదిలే ఉద్యోగం. మా అమ్మ రైతుల ఇళ్ళల్లో వడ్లు దంచేది. గుడివాడలో రైసుమిల్లులు పెరిగాక ఆ పని పోయి, నాట్లకూ కోతలకూ వెళ్ళేది. ఆ ఏడు మా ఎకనామిక్స్ మాస్టారు ఒక పోటీ పెట్టారు. సొంతంగా పరిశోధించి వ్యాసం రాయాలి, ముందుగా దాని ప్రణాళిక ఒక్క ఠావు కాగితం మీద చూపించాలి, ఎవరిది నెగ్గితే వాళ్ళు వాల్తేరులో జరిగే విద్యార్థుల సభలో మా కాలేజీ తరఫున చదవాలి. అంతవరకు ఆ సభకు ఆడపిల్లను పంపింది లేదు. నాకు వెళ్ళాలనిపించింది, అనిపించడమేమిటి, అన్నం సహించలేదు.

గుడివాడ రైసుమిల్లుల మీద రాస్తానన్నాను. లైబ్రరీలో దొరికినదంతా ఎక్కించి, తెలిసిన పెద్ద ఇంగ్లీషు మాటలన్నీ వాడి తీసుకెళ్తే మాస్టారు ఎర్ర పెన్సిలుతో అడ్డంగా ఒక గీత గీసి తిరిగి ఇచ్చారు. రెండోసారీ అదే గీత. తప్పేమిటో చెప్పే అలవాటు ఆయనకు లేదు, సోమవారం ఆఖరి గడువని మాత్రం చెప్పారు. శనివారం ప్యాసింజరు ఎక్కి మొహం వేలాడేసుకుని ఇంటికి పోయాను.

ఆదివారం గుడి నుంచి వచ్చి, వసారాలో చాప మీద ఆ కాగితం పరుచుకుని కూర్చున్నాను. అన్నం తిని వచ్చిన నాన్న దాని మీదికి వంగాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, కానీ ఏ అంకె కింద ఎన్ని వరుసలున్నాయో వేలు పెట్టి చూసుకుంటూ అడుగుదాకా వెళ్ళి ఆగిపోయాడు. మిల్లుల చరిత్రకు పదిహేను వరుసలు, యంత్రాలకు పది, ఎగుమతులకు ఎనిమిది, అట్టడుగున ఒకే ఒక్కటి.

"పైవాళ్ళకే నీళ్ళన్నీ పెట్టేశావేంటమ్మా! చివరోళ్ళకి తడి కూడా అందలా."

నీళ్ళకూ రాతకూ ఏం సంబంధమని నాన్న మీద విసుక్కున్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. నీళ్ళకు కటకటగా ఉన్న ఏడు తను పై తూములు మూసి ముందు చివరి తూముకే వదులుతాడట, పైవాళ్ళు ఎలాగూ తమ వాటా ఊరుకోకుండా పుచ్చుకుంటారట. అంతలో, చేట పట్టుకుని కూర్చున్న అమ్మ, ఆ చివర ఉన్నది ఎవరని అడిగింది. దంపుడు పని పోయిన ఆడవాళ్ళని చదివి చెప్పాను.

"అంటే నేనేగా," అని నవ్వింది.

ఆ నవ్వుకు నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మ బతుకును ఒక్క వరుసలో తేల్చేసి, చూడని ఇంజన్లకు పది వరుసలు రాసినదాన్ని నేనే కదా!

కొత్త ఠావు తీసి ఆఖరి శీర్షికను మొదట రాశాను. మా వీధిలో ఎందరు రోకలి పట్టేవారు, కూలికి నూకలెన్ని, తవుడెంత, మిల్లు వచ్చాక ఎవరు ఏ పనికి మళ్ళారు అని అమ్మను అడుగుతూ పోతే, ఒక్కొక్క జవాబు తరువాతి శీర్షికను దానంతటదే చూపించింది. మిల్లులు నాలుగో శీర్షికలో వచ్చాయి, నా గొప్ప చరిత్రంతా మూడు వరుసల్లో ఇమిడిపోయింది.

సోమవారం ముగ్గురు లెక్చరర్ల ముందు నిలబడ్డాను. అందులో ఒకాయన ఆ మొదటి శీర్షిక ఏ పుస్తకంలోదని అడిగారు. పుస్తకంలోది కాదండీ, మా వీధిలో పదకొండు మంది ఉన్నారు, ఎవరినడిగినా చెప్తారన్నాను. మా మాస్టారు ఎర్ర పెన్సిలు జేబులో పెట్టేసుకున్నారు. మర్నాడు నోటీసు బోర్డు మీద నా పేరు! వాల్తేరు సభలో మొదటి పేజీ కాగితం మీంచి తల ఎత్తకుండా చదివాను, రెండో పేజీ నుంచి అమ్మ వడ్లు దంచినంత ధాటిగా చదివాను, చప్పట్లు కొట్టించుకునే దిగాను. ఆ సంగతి నేను రాసిన కార్డు పట్టుకుని మా నాన్న కాలువ గట్టంతా తిరిగాడట. నీళ్ళ కోసం వచ్చిన ప్రతి రైతూ అది విన్న తరువాతే తూము లేచేదని అమ్మ చెప్పి చెప్పి నవ్వేది.

ఇప్పుడు కాలువ మీద లస్కరు కనబడడు, రోకలి పెళ్ళిళ్ళలో పసుపు కొట్టడానికి తప్ప బయటికి రాదు, ప్రణాళిక కోసం ఎవరూ రైలెక్కి ఇంటికి పోనక్కర్లేదు. సుఖమే, కాదనను. మనవరాలి తెర మీద తొమ్మిదో శీర్షిక దాకా నేనూ వేలు పెట్టి వరుసలు చూశాను. అడుగున ఒకటే ఉంది. చివరోళ్ళకి తడి అందలేదని అనడానికి ఇప్పుడు మా నాన్న లేడు, అందుకని నేనే అన్నాను. పిల్ల ఫోను పక్కన పెట్టి, చివర ఉన్నవాళ్ళెవరు అమ్మమ్మా, అని అడిగింది.