కాలిబ్రేషన్‌కి వెళ్లిన మీటరు

ఖమ్మంలో నేను పనిచేసే స్కాన్ సెంటర్లో రేడియేషన్‌ను కొలిచే చేతి మీటరు ఒక్కటే ఉంది. రోగులకు ఎక్కించే రేడియేషన్ మందును సిరంజిల్లో నింపేది నేను. సాయంత్రం బయలుదేరే ముందు చేతులు కడుక్కుని, మీటరును మొదట గోడ దగ్గర, తర్వాత అరచేతుల మీద పెట్టి చూసుకునేదాన్ని. రెండు చోట్లా ఒకే అంకె వస్తే చేతులకు మందు అంటలేదని లెక్క. అప్పుడే ఇంటికెళ్లి పది నెలల పాపను ఎత్తుకునేదాన్ని.

ఆ మీటరును కాలిబ్రేషన్‌కి పంపారు. ఎంత రేడియేషన్ ఉందో ముందే తెలిసిన చోట పెట్టి, అది సరిగా చూపుతోందో లేదో తేలుస్తారు. మూడు వారాలైనా తిరిగి రాలేదు. వేరే సెంటర్ నుంచి ఒకటి తెప్పించమని డాక్టరుగారిని అడిగితే, గ్లౌజులు వేసుకుంటున్నావు కదమ్మా అన్నారు. మానేద్దామంటే నా చదువుకు తగ్గ పని ఈ చుట్టుపక్కల ఇంకో చోట లేదు. హైదరాబాద్ పోదామంటే మా ఆయన ఉద్యోగం భద్రాచలంలో.

ఆ మందు బలం ఆరు గంటల్లో సగమవుతుంది, పన్నెండు గంటల్లో పావు. అందుకని సాయంత్రం ఆరు నుంచి తెల్లవారి ఆరు దాకా పాపను ముట్టుకోవడం మానేశాను. పాప చేతులు చాస్తే నావి వెనక్కి పెట్టుకునేదాన్ని. పాపను చూసుకోవడానికి కారేపల్లి నుంచి వచ్చిన అత్తమ్మే ఆ వేళల్లో ఎత్తుకునేది.

"తానం చేస్తివి, బట్టలు మారిస్తివి. ఇంకేం మైల బిడ్డా నీకు?" అంది ఒకరోజు. చెప్పడానికి ప్రయత్నించాను. కంటికి కనిపించనిదాన్ని మైల అనక ఏమంటారంది.

మీటరు నిన్న వచ్చింది. అది చూపే అంకెను ఒకటి పాయింట్ మూడుతో గుణించాలని సర్టిఫికెట్లో రాశారు. అంటే ఇన్నాళ్లూ తక్కువ చూపింది. గోడనూ చేతినీ ఒకే అంకెతో గుణిస్తే రెండూ సమానమేనని నాకు తెలుసు. అయినా డ్యూటీలో చేరిన నాటి నుంచి గడిచిన సాయంత్రాలన్నీ గుణిస్తూ కూర్చున్నాను.

అప్పుడు చేతులు చూసుకున్నాను. గోడ ఎంతో అవీ అంతే. ఇంటికి పరుగున వెళ్లి చేతులు చాచాను. పాప ముఖం తిప్పేసి అత్తమ్మ భుజంలో దాచుకుంది.

"తెల్లారి రమ్మంటున్నది. నువ్వు నేర్పిన టైమే గద," అంది అత్తమ్మ.

ఈ సాయంత్రమూ పాప నా దగ్గరికి రాలేదు. ఇప్పుడు నా పక్కనే నిద్రపోతోంది. ఎత్తుకోవచ్చు. మెలకువ వస్తే అత్తమ్మ కోసం ఏడుస్తుందేమోనని ఎత్తుకోలేదు.