ఆకలి లేదన్న మా చెల్లెలు

పోయిన నెల, పొద్దున దీపం పెట్టే వేళకు మా చిన్న చెల్లెలు కన్నుమూసింది. ముప్పై నిండలేదు. నా పెళ్లయ్యాక పుట్టిన పిల్ల. నా పెద్దకొడుకూ తనూ ఒకే చాపమీద పెరిగారు.

హైటెక్ సిటీ మేడలు లేస్తున్న చోట, కూలీల కోసం చెల్లెలూ మరిదీ రేకుల షెడ్డులో భోజనాలు పెట్టేవారు. వంట ఆమెది, సరుకులు, వడ్డన అతనివి. బండలు పేల్చే మోత ఆగగానే అన్నం గిన్నె మూత తీసేది. తను మాత్రం రెండు ముద్దలు తిని లేచేది. అడిగితే, "వండేటోళ్లకు వాసనతోనే కడుపు నిండుతదక్కా" అనేది. వండే ఆడవాళ్లందరూ అనే మాటే కనుక నమ్మాం.

తర్వాత పొట్ట ఎత్తుగా కనబడింది. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. గిన్నెలు తోమే ఆమె, "ఏందమ్మా, నీళ్లోసుకున్నవా? మాకు చెప్పవా?" అంది. "చెప్పకముందే తెలిసిపాయె. ఇగ మిఠాయి నువ్వే తేవాలె" అని చెల్లెలు నవ్వింది. నేనూ దేవుడికి మొక్కుకున్నాను.

స్కానింగులో బిడ్డ లేదు. పొట్టలో నీరు, రెండు అండాశయాల్లోనూ గడ్డలు. వెంటనే తీసేయాలన్నారు. ఆపరేషనుకు ముందు ఇంకొకరికి చూపిద్దామని పట్నంలో ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం.

ఆమె స్కానింగు చూసి పక్కన పెట్టింది. "ఎంత తింటున్నవమ్మా?"

"రెండు ముద్దలు."

"ఎప్పటిసంది?"

చెల్లెలు ఆలోచించింది. "పోయిన బోనాలప్పటిసంది."

"చిన్న వయసు, రెండు దిక్కులా గడ్డలు, ఆకలి లేదు. కోతకు ముందు జీర్ణాశయంలోకి చూద్దాం" అంది డాక్టరమ్మ. గొంతులోంచి కెమెరా గొట్టం వేస్తే అక్కడ పుండు కనబడింది. ముక్క తీసి పరీక్షించారు. క్యాన్సర్.

నన్నూ మరిదినీ బయటికి పిలిచింది. "గడ్డలు అండాశయంలో పుట్టలేదమ్మా, కిరాయికొచ్చినయ్. వాటి ఇల్లు జీర్ణాశయం. అరుదైన జబ్బు. మందులతో కొన్నాళ్లు గడుస్తుంది, నయం కాదు."

"దానికి చెప్పొద్దు వదినా" అన్నాడు మరిది.

ఆ సాయంత్రం పూజ చేస్తుంటే చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది. "దేవుని ముంగట కూసున్నవక్కా. అబద్ధమాడకు. నయమైతదా?"

"కాదమ్మా" అన్నాను. డాక్టరమ్మ మాటలే చెప్పాను.

దీపం వత్తి ఎగదోసింది. "పిల్లలు?"

తల అడ్డంగా ఊపాను.

"కిరాయికొచ్చింది అవి, కిరాయి కట్టేది నేనా!" అంది. తర్వాత, "మంచిగ చెప్పినవక్కా. ఆయనకు చారు పెట్టుడు కూడ రాదు" అంది.

మర్నాటి నుంచి మరిదిని పొయ్యి దగ్గర నిలబెట్టింది. తను కుర్చీలో కూర్చుని చెప్పేది. అతను మాటిమాటికీ ఆమె వైపే చూస్తుంటే, "నన్ను గాదయ్యా, పప్పును సూడు. అడుగంటుతున్నది" అని కసిరేది. మందు ఎక్కించుకుని వచ్చిన రోజు కూడా పాఠం మానలేదు. ప్రార్థన అంటే ఏమిటో నాకు ఆ షెడ్డులో కొంత అర్థమయింది.

ఆఖరుసారి షెడ్డుకు తీసుకెళ్లినప్పుడు వంటంతా అతనే చేశాడు. చెల్లెలు తనకూ ఒక కంచం పెట్టమంది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మరిది గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. అతని వెనక, సిమెంటు దుమ్ము కొట్టుకున్న కాళ్లతో, ఖాళీ కంచాలు పట్టుకుని, ఆమె ఏమంటుందోనని కూలీల వరసంతా నిలబడింది.