ఆఫ్రికాలో పోసిన చక్కెర పేర్లు

గొప్పలు చెప్పుకుంటానని మా ఇంట్లో నాకు పేరు. ఉండనీ. చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడే చెప్పుకుంటాడు. నేను బోధన్‌లో చక్కెర కార్ఖానా పనివాణ్ణి. అరవైల చివర్లో, మా దగ్గర చెరుకు అయిపోయి గానుగ ఆగిపోయే రోజుల్లో, తూర్పు ఆఫ్రికాలోని ఒక కార్ఖానాకు పని నేర్పడానికి ఒక ఏడు నన్ను పంపారు. మాకు ఆగినప్పుడు వాళ్లకు మొదలవుతుంది. కొన్ని నెలలు అక్కడ పంతులుని. ఎడపల్లి తోవన చెరుకు బండ్లు మళ్లీ బారులు తీరే వేళకు ఇక్కడ మామూలు పనివాణ్ణి.

నేను నేర్పేది పాన్ పని. చిక్కబడ్డ చెరుకు రసాన్ని మూత బిగించిన పెద్ద ఇనుప బానలో ఉడికిస్తారు. ఆ బానే పాన్. ఉడకగా ఉడకగా ఒక క్షణం వస్తుంది, రసంలో చక్కెర గింజ పుడుతుంది. ఆ క్షణాన్ని పట్టుకోవడమే విద్య అంతా. తొందరపడితే పుట్టిన గింజ కరిగిపోతుంది. ఆలస్యమైతే బానంతా పిండిలాంటి గింజ నిండి, అది దేనికీ పనికిరాదు. బానకు బిగించిన అద్దంలోంచి చూడాలి, కాస్త రసం బయటికి తీసి వేళ్ల మధ్య సాగదీయాలి. పుస్తకం చెప్పేది కొంతే, మిగతాదంతా చేతికే తెలియాలి.

అక్కడ ఆ పనికి ప్రతి ఏడూ సముద్రాల అవతలి నుంచి మనుషుల్ని తెప్పించుకునేవారు. దేశానికి కొత్తగా స్వతంత్రం వచ్చింది, మా పని మావాళ్లే చేయాలని అక్కడివాళ్లు పట్టుబట్టారు. మేనేజరు మాత్రం తెల్లదొర. బస్తాలు మోసే నలుగురు స్థానికుల్ని నాకు అప్పగించి, "మీరు వెళ్లేలోపు, మీరు పక్కన లేకుండా వీళ్లు ఒక పాన్ ఉడికించి దించాలి. లేదంటే వచ్చే ఏడు మళ్లీ బయటివాళ్లే వస్తారు, వీళ్లు మళ్లీ బస్తాలే మోస్తారు" అన్నాడు. అప్పటిదాకా వాళ్లను పాన్ వాల్వు ముట్టుకోనివ్వనని కూడా అన్నాడు. ముట్టుకోకుండా ఎలా నేర్చుకుంటారని అడిగితే, చూసి నేర్చుకోమన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పమంటే ఎవడు నేర్పుతాడు?

నలుగురిలో ఒకాయన తాటిచెట్టంత మనిషి. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచాను. ఆ మాటకు అర్థమేమిటో, తను నన్నేమని పిలవాలో అడిగి తెలుసుకుని, ఆ రోజు నుంచి నన్ను తమ్మీ అన్నాడు. మిగతా ముగ్గురికీ నేను మ్వాలిముని, అంటే పంతుల్ని. వాళ్ల భాష నన్నేమీ భయపెట్టలేదు. చాయ్‌ని చాయ్ అనే అంటారు, దుకాణాన్ని దుకా అంటారు, దునియాను దునియా అంటారు. బోధన్ బజారులో సగం ఉర్దూతో పెరిగిన నోరు నాది, వెళ్లిన కొద్ది రోజులకే సంతలో టమాటాలకు బేరాలాడాను. తిండి దగ్గరే తిప్పలు. మక్కపిండితో గట్టిగా ముద్ద కెలికి పెడతారు. మా జొన్నగట్కకు దగ్గరి చుట్టమే, కానీ ఉప్పూ కారం తగలని చుట్టం. ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి డబ్బాను ప్రాణంలా దాచుకునేవాణ్ణి. అన్న ఒకసారి చిటికెడు నాలుక మీద వేసుకుని నీళ్ల కుండ దగ్గరికి ఉరికాడు. మర్నాడు మళ్లీ వచ్చి చేయి చాచాడు.

ఒక ఆదివారం నలుగురూ నా క్వార్టరుకు వచ్చి మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. అద్దంలోంచి ఎంత చూసినా ఆ క్షణం అంతుపట్టడం లేదన్నారు. ఏం చేయాలా అనుకుంటుంటే మా అవ్వ గుర్తొచ్చింది. అవ్వంటే నన్ను కన్నతల్లి. నిజామాబాద్‌లో కామునిపున్నమకు ముందు ఇంట్లో చక్కెర పేర్లు పోసేది. పేర్లంటే హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర దండలు. చెక్కలో బిళ్లల అచ్చులు తొలిచి, దారం పరిచి, పాకం పోస్తారు. పాకం పొయ్యి మీది నుంచి దించాక గంటెతో గిన్నె అంచుకు రుద్దుతుంటే మెల్లగా తెల్లబడి గింజ కడుతుంది. సరిగ్గా అప్పుడే పోయాలి. ముందు పోస్తే జిగురై చెక్కను వదలదు. ఆలస్యమైతే గిన్నెలోనే గడ్డ. "కండ్లు గిన్నెల వెట్టు బిడ్డా, దిక్కులు సూడకు" అని అవ్వ నా వీపు మీద ఒకటి వేసేది. పాన్ విద్యకు నా మొదటి బడి అదే. దొర వాల్వు ఇవ్వకపోతేనేం, నా వంటింట్లో గిన్నెకు కావలి ఎవడు?

కార్ఖానా వడ్రంగిని బతిమాలి చెక్క అచ్చు చేయించాను. సంతలో చక్కెర కొన్నాను. పగలు పాన్ దగ్గర నిలబడి ఏ వాల్వు ఎప్పుడు తిప్పుతున్నానో చూసేవారు, సాయంత్రం నా వంటింట్లో గింజ పట్టేవారు. మొదట్లో పోసినవన్నీ బంకే. ఆ బంకను వాళ్ల పిల్లలు గరిటెలతో సహా నాకేశారు. మెల్లగా చేతులు తెలుసుకున్నాయి. ఒకరోజు అన్న గంటె తిప్పుతూ తిప్పుతూ ఉన్నట్టుండి ఆగి, కళ్లు మూసుకుని, "తమ్మీ, వచ్చింది" అన్నాడు. పోస్తే బిళ్లలు పాలలా తెల్లగా, టకటకా ఊడి వచ్చాయి. నేను వంటింట్లోనే గంతులేశాను.

మర్నాటి నుంచి కాలనీ పిల్లలంతా మెడలో చక్కెర దండలతో బడికి పోసాగారు. అది హోలీ కాదు, ఏ పండుగా కాదు. దొర కంట పడనే పడింది. నన్ను పిలిపించి, "మిమ్మల్ని పాన్ నేర్పడానికి పిలిచామా, మిఠాయి దుకాణం పెట్టడానికా?" అన్నాడు.

"నేర్పడం అయిపోయింది. రేపు పొద్దున వాళ్లకు పాన్ ఇవ్వండి. నేను గేటు బయట ఉంటాను" అన్నాను.

ఆయన వెంటనే సరే అన్నాడు. నా గొయ్యి నేనే తవ్వుకున్నానని ఆయన మొహంలో కనిపించింది.

గేటు బయట నిలబడ్డాక గానీ నాకు భయం తెలియలేదు. నా నోటి దురుసుకు నలుగురి బతుకులు పణంగా పెట్టాను. వంటింటి గిన్నె వేరు, ఇంత బాన వేరు. గూర్ఖాలాంటి కావలివాడు స్టూలు వేసి కూర్చోమన్నా కూర్చోలేకపోయాను. లోపల ఏం జరుగుతోందో తెలిసే దారి ఒక్కటే, చప్పుడు. పాన్ దించాక ఆ ముద్దను గిర్రున తిరిగే యంత్రాల్లో వేసి గింజ నుంచి మొలాసిస్‌ను, అంటే మడ్డి పాకాన్ని, విడదీస్తారు. గింజ బాగుంటే యంత్రం ఒకే స్వరంలో సాగిపోతుంది. చెడితే జల్లెడ పూడుకుపోయి, దడదడలాడి ఆగిపోతుంది. ఎండ నెత్తి మీదికొచ్చింది. మొదటి యంత్రం అందుకుంది. నేను గేటుకు చెవి ఆనించాను. ఆగలేదు. రెండోది అందుకుంది. మూడోది. ఒక్కటీ ఆగలేదు! కావలివాణ్ణి పట్టుకుని గిరగిరా తిప్పేశాను. ఆ సంతోషం అంతకుముందు నాకు తెలియదు, ఆ తర్వాతా తెలియదు. నా పెళ్లినాడు కూడా అంత లేదు. ఈ మాట మా ఆవిడకు చెప్పకండి.

దొర తనే గేటు దాకా వచ్చాడు. అరచేతిలో చక్కెర తళతళలాడుతోంది. "అసలు మీరు వాళ్లకు నేర్పిందేమిటి?" అన్నాడు.

"మిఠాయి" అన్నాను.

మంచివాడే, నవ్వాడు. నా చేయి పట్టుకుని ఊపుతూ, "వచ్చే ఏడు మీరు రానక్కర్లేదు" అన్నాడు. వెనకాలే వచ్చిన అన్న నన్ను అమాంతం భుజాల మీదికెత్తుకున్నాడు. అక్కణ్ణుంచి చూస్తే కార్ఖానా కప్పు కూడా చిన్నదిగానే కనిపించింది.

బోధన్‌లో రైలు దిగి, ఇక నన్ను పిలవరని చెప్పగానే మా ఆవిడ మొహం వాడిపోయింది. "ఎవలతోని లొల్లి వెట్టుకున్నవ్? నీ నోరు ఊకుండదు గదా!" అంది. ఎంత చెప్పినా నమ్మలేదు. వాడకట్టులో నాలుగిళ్లవాళ్లు వచ్చి నన్ను ఓదార్చి పోయారు. పని బాగా చేసినవాణ్ణి మళ్లీ పిలుస్తారు గానీ వద్దంటారా అని వాళ్ల లెక్క. నేను నవ్వుతుంటే పాపం బాధలో మతి చెడిందనుకున్నారు.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాయి. అక్కడ గానుగ మొదలై ఉంటుంది. పిలుపు రాలేదు. పొద్దున్నే పరమాన్నం వండమన్నాను.

"గియ్యాల ఏం పండుగ?" అంది మా ఆవిడ.

"నన్ను పిలువలే."

గరిటెతో పరమాన్నం కలుపుతూ నావైపు తిరిగింది. "అయితే గా పొడుగాయన పాన్ కాడ నిలవడ్డడా?"

"నిలవడ్డడు."

"మరి గెలిచింది ఆయననా, నువ్వా?"

"ఆయన గెలిచిండు. నేను పంతుల్ని గదా, నేను ఇంకింత ఎక్కువ గెలిచిన. వడ్డించు" అన్నాను.