గట్టి బ్యాటరీ రాకడ

పదేళ్లప్పటి నుంచి నలభై అయిదు దాకా రాజరత్నం ఊళ్లోవాళ్ల చేలల్లో కూలి చేశాడు. ఆ తర్వాత కరెంటు ఆటో కొన్నాడు. రాచర్ల పక్క పల్లె నుంచి కూలికి పోయే ఆడవాళ్లను రోజూ గిద్దలూరు వైపు చేలకు చేర్చేవాడు. "ఒరే రత్నం" అన్న నోళ్లే "డ్రైవరన్నా" అనసాగాయి. ఆ పిలుపు కోసమే చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాడంటే నమ్మండి.

మూడో వేసవికి బ్యాటరీ నీరసించింది. కొత్తది వేయించమని భార్య దయామణి మేకలమ్మి డబ్బిచ్చింది. దుకాణం దాకా వెళ్లి, కొనకుండానే తిరిగొచ్చాడు మహానుభావుడు. ఫోన్లో వీడియో చూశాడు మరి! సాలిడ్ స్టేట్ బ్యాటరీ అట. లోపల ద్రవం ఉండదట, అంతా గట్టి పదార్థమేనట, ఎండకు చెడదట, టీ తాగేలోపు చార్జింగ్ అయిపోతుందట. రేసు కార్లలో పెట్టి చూస్తున్నారు, వచ్చే ఏడాది అందరికీనట.

"రేసు కార్లకు వచ్చినాక మన ఆటోకు రాదా ఏంది? ఇప్పుడు పాత రకం కొంటే ఎర్రోళ్లమైపోతాం."

"యేసయ్య రాకడకైనా వాక్యంలో గుర్తులు చెప్పినారు. నీ గట్టి బ్యాటరీకి అవి కూడా లేవు," అంది దయామణి.

వచ్చే ఏడాది వచ్చింది, బ్యాటరీ రాలేదు. మేకల డబ్బు దయామణి ఆపరేషన్‌కు పోయింది. ఒకరోజు ఆటో దారిలో ఆగిపోతే ఆడవాళ్లే దిగి తోశారు. పొద్దెక్కి వచ్చారని రైతు వాళ్లను వెనక్కి పంపేశాడు. మర్నాటి నుంచి అందరూ ప్రవీణ్ కుమార్ డీజిల్ ఆటో ఎక్కారు. వాళ్లననడానికి లేదు.

కొత్త రకం ఎప్పుడొస్తుందో అడగడానికి రాజరత్నం మళ్లీ దుకాణానికి వెళ్లాడు.

"రేసు కార్లకే ఇంకా పరీక్షలు చేస్తా ఉండారంట అన్నా," అన్నాడు దుకాణం వెంకటకృష్ణ. "అయినాక పెద్ద కార్లకు. ఆటోలకంటే... నేను చెప్పలేను."

ఇన్నాళ్లూ తనను తానే మోసం చేసుకున్నానని అప్పుడు తెలిసింది. బస్టాండు గోడ పక్కన నిలబడి ఏడ్చాడు.

సోమవారం మిరపకాయల కోతకు పాత చొక్కా వేసుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. డీజిల్ ఆటో ఆగింది. కూలికి పోతూ ఇంటి దగ్గరే ఎక్కిన దయామణి లోపల తల వంచుకుంది.

"జరగండే, డ్రైవరన్నను కూచోనీండి," అంది ముసలి సామ్రాజ్యం, అలవాటు కొద్దీ.

రాజరత్నం ఎక్కి, ఆడవాళ్ల సద్దిమూటల మధ్య ముడుచుకుని కూర్చున్నాడు.

"రత్నం అను పెద్దమ్మా," అన్నాడు. "అట్లే పిలువు."