లండన్ గోడ, అమెరికా గోడ

మా ఇంగ్లీషు సార్ పోయారు. ఆదివారం పొద్దున ఆయన భార్య, మేమంతా అమ్మ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి, "మీ సారు లేడప్పా" అని పెట్టేశారు. వెంటనే బెంగళూరులో బస్సెక్కి అనంతపురంలో దిగాను.

సార్ ట్యుటోరియల్ అనంతపురంలో ఒక శనగనూనె మిల్లు పైన ఉండేది. కింద మిషన్ మోత, పైన పల్లెల నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలం. గదిలో ఒక గోడ లండన్, ఎదురు గోడ అమెరికా. 'షెడ్యూల్' అనాలంటే లండన్ గోడ దగ్గర నిలబడాలి. అదే మాటను అమెరికావాళ్లలా 'స్కెజూల్' అనాలంటే ఇవతలి గోడకు రావాలి. సార్ కళ్లు మూసుకుని వినేవారు. నేనొకసారి తికమకపడి రెండూ కలిపేస్తే, "ఏమప్పా, నడి సముద్రంలో పడితివే! యాడన్నా ఒక గట్టు పట్టుకో" అన్నారు. క్లాసంతా నవ్వినా ఆయన నవ్వలేదు. ఇంగ్లీషులో మా యాస చెవినపడితే పంటి కింద రాయి పడినట్టు ముఖం పెట్టేవారు. నాకు ఒళ్లు మండేది. అయినా వెళ్లడం మానలేదు. "నోరు మీది, తిప్పేది మీరు. ఇంగ భయమెందుకప్పా?" అనేవారు. ఈ రోజు నేను ఫోన్లో అమెరికా వాళ్లతో మాట్లాడి బతుకుతున్నానంటే ఆ గోడల పుణ్యమే.

పోయినేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి గానీ మాట రాలేదు. రోజూ ప్రయత్నించకపోతే ఇక రాకపోవచ్చని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఒకసారి ఏదో అనబోతే వంకరగా వచ్చిందట. అంతే, పెదవులు బిగించేశారు. ఏం కావాలన్నా వేలితో చూపడమే. "తప్పు పలికేదానికన్నా మూగోడైతేనే మేలనుకుంటాండాడు. నువ్వన్నా చెప్పప్పా" అని అమ్మ నన్ను పిలిపించారు.

వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను. 'షెడ్యూల్' అన్నాను. చూపు తిప్పుకున్నారు. 'స్కెజూల్' అన్నాను. ముందున్న కంచం తోసేశారు. సంగటి ముద్ద నేల మీద పడింది. "వద్దులేప్పా, ఇంగ చాలు" అన్నారు అమ్మ భయపడి. నాకూ భయమే. మళ్లీ పక్షవాతం వస్తే ఆ పాపం నాదే. కానీ లేచి వచ్చేస్తే ఆయన ఇక మాట్లాడరు. మళ్లీ అన్నాను. మళ్లీ. ఆయన మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి. కొడతారేమో అనుకున్నాను. అప్పుడు నోరు తెరిచారు.

"సె... డూలు."

లండనూ కాదు, అమెరికానూ కాదు. పల్లెలో మా నాయన పలికే మాట. అది ఆయనకూ తెలిసింది. ముఖం కందిపోయింది. ఇక మళ్లీ నోరు మూసేస్తారేమో అనిపించింది. అమ్మ ఏడుస్తూనే నవ్వేశారు. "ఇట్ల మాట్లాడే మనిషినే నేను పెండ్లి చేసుకున్యా" అన్నారు. ఆయన ఆమెను చూసి, ఆ మాట మళ్లీ అన్నారు.

ఆ తర్వాత పోయేదాకా మాట్లాడారు. తడబడుతూ, మా యాసలోనే, విసుగు లేకుండా.

శవం దగ్గర కూర్చున్న అమ్మను, చివరగా ఏమన్నారని అడిగాను.

"'నువ్వు తింటివా' అన్యాడు. ఇన్నేండ్లలో ఎప్పుడూ అడగలేదప్పా."

శవం లేచేదాకా ఇంట్లో ఎవరూ ఏమీ ముట్టరు. అమ్మ మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లి, పక్కింటివాళ్లు పిల్లలకని పంపిన ఇడ్లీ ఒకటి తెచ్చుకున్నారు. చుట్టాలంతా నోరెళ్లబెట్టి చూస్తుంటే ఆయన తలాపున కూర్చుని, ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "తింటాండాలే" అని ఆయనతో అన్నారు.