మ్యూజియం మెట్ల మీద విడిచిన బూట్లు

దయ్యం అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఆలంగాయం కొండ కింద ఒక పూజారి దయ్యాలు వదిలిస్తాడని చెప్తే మా మేనత్తను తీసుకువెళ్ళాం. అతను కళ్ళు ఉరిమి వేపమండలు ఊపుతుంటే నేను వెనక నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ తర్వాత మేనత్త నాతో చాలా కాలం మాట్లాడలేదు. ఇప్పటికీ రాత్రి శ్మశానం పక్కగా నడిచి రావాలంటే నాకు పాముల భయమే తప్ప ఇంకో భయం లేదు.

కాబట్టి ఇది దయ్యం కథ కాదు. నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. దీనికి ఏం పేరు పెట్టాలో చదివినవాళ్ళే చెప్పాలి.

మాది తమిళనాట వేలూరు దగ్గర గుడియాత్తం, మగ్గం మీద బతికే ఇల్లు. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదవగలిగిన ఇల్లూ లేదు. నాకీ నాలుగు అక్షరాలు ఓడ మీద వచ్చాయి. మొదటి పెద్ద యుద్ధం రావడానికి కొన్నేళ్ళ ముందు, వేలూరు బజారులో బట్టల వ్యాపారం చేసే ఒక శెట్టిగారు నన్నూ గోవిందప్ప అనే పెద్దాయననూ లండన్‌కు పంపించాడు. అక్కడ ఏదో ప్రదర్శన. దొరలూ దొరసానులూ చుట్టూ నిలబడి చూస్తుంటే మేము కూర్చుని లుంగీలు నేయాలి. పొద్దుపోక గోవిందప్పే నాకు ఓడ మీద అక్షరాలు దిద్దించాడు.

నేను బయలుదేరే నాటికి ఇంట్లో నా మగ్గం మీద సాచిన పడుగు నూలు సగం నేసి ఉంది. నా భార్య రుక్కమ్మ, మా మేనమామ కూతురు, మిగతాది తానే నేస్తానంది. మా వైపు ఆడవాళ్ళు కండెలు చుడతారు, నూలుకు గంజి పెడతారు కానీ గుంతలో కాళ్ళు దించి మగ్గం మీద కూర్చునేవాళ్ళు తక్కువ. మా అమ్మ మూతి ముడిచింది. రుక్కమ్మ పట్టించుకోలేదు.

స్టేషన్‌లో ఆమె ఏడవలేదు. రైలు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి, "చేతులు దొరలకి చూపించుకో బావా. కాళ్ళు మాత్రం భద్రంగా నాకు తెచ్చియ్యి," అంది.

అది ఊరికే అన్న మాట కాదు. చూసేవాళ్ళకు నేతగాడి చేతులే కనిపిస్తాయి. కింద గుంతలో కాళ్ళు పడే పాటు కనిపించదు. మా మగ్గాలకు తొక్కుడు కర్ర తాడును బొటనవేలికీ పక్క వేలికీ నడుమ పట్టి లాగాలి. ఆ పక్క వేలు పోయిందంటే నేతగాడు పోయినట్టే.

ప్రదర్శన ముగిసేసరికి చలికాలం వచ్చింది. మా ఓడకు ఇంకా వ్యవధి ఉంది. ఇక మాకు ఊరు చూడటమే పని.

ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు, "చలికాలంలో లండన్ పోతే ఏమేం చూడల్లప్పా?" అని, రేపే మూట కట్టుకుని పోతున్నట్టు. నేనూ తీరిగ్గా చెప్తాను. ముందు చొక్కా కింద పాత కాగితాలు దోపుకో. వీధి మూలల్లో బొగ్గుల మీద ఒక రకం గింజలు కాలుస్తుంటారు, అవి కొని జేబులో వేసుకో, చేతులు కాగాక తిను. ట్రాము పై అంతస్తు ఎక్కావో ముక్కు ఊడి చేతికొస్తుంది. తోటల్లో చెరువులు గడ్డకడితే మనుషులు కాళ్ళకు ఇనుప బద్దలు కట్టుకుని నీళ్ళ మీద జారుతారు, అది తప్పక చూడాలి. గోవిందప్ప మాత్రం చూడలేదు. వాళ్ళు మునిగిపోతే ఆ పాపం తన కళ్ళకెందుకని అటు తిరిగి నిలబడ్డాడు. నది మీద వంతెనెక్కితే పొగమంచులో ఓడలు కూస్తాయి, కనిపించవు. అన్నిటికన్నా మేలు మ్యూజియం. లోపల వెచ్చగా ఉంటుంది, ఎంతసేపు నిలబడ్డా ఎవరూ పొమ్మనరు.

ఆ మ్యూజియంలోనే మన పెరుమాళ్ ఉన్నాడు. నల్లరాతి విగ్రహం, ముక్కు కొంచెం విరిగింది. ఏ ఊరి గుళ్ళోంచి వచ్చాడో తెలియదు. మొదటిసారి చూసినప్పుడు, తిరునాళ్ళలో తప్పిపోయిన మనిషి ఎదురుపడ్డట్టు అనిపించింది నాకు.

గోవిందప్ప పంచాంగం వెంట తెచ్చుకున్నాడు. ఒక పొద్దున దగ్గుతూ నన్ను లేపాడు. "ఈపొద్దు వైకుంఠ ఏకాదశి నాయనా. నాకు లేచేదానికి సత్తువ లేదు. నువ్వు పోయి పెరుమాళ్ని సేవించి రా. నా దండం కూడా నువ్వే పెట్టేయ్," అన్నాడు.

ఉపవాసంతోనే బయలుదేరాను. రాత్రంతా మంచు పడింది. వీధులన్నీ పిండి ఆరబోసినట్టు ఉన్నాయి. మ్యూజియం మెట్లెక్కి, పైన ఒక పక్కగా కూర్చుని, బూట్ల తాళ్ళు విప్పి, మేజోళ్ళు బూట్లలో కుక్కి, అక్కడే వదిలి లోపలికి నడిచాను.

మీరు నవ్వుతారని తెలుసు. అంతకు ముందు రెండు మూడుసార్లు బూట్లతోనే లోపలికి పోయాను. అప్పుడు చూడటానికి పోయాను. ఆ రోజు సేవించడానికి పోయాను. మెట్ల మీద వేరే జత ఒక్కటీ లేదన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. కావలివాడు నా కాళ్ళ వైపు చూసి ఏదో అన్నాడు. అతనికీ ఒక దండం పెట్టాను.

తులసి లేదు, కర్పూరం లేదు. ఆ ముక్కు విరిగిన స్వామి ముందు నిలబడితే కళ్ళ నీళ్ళు ఆగలేదు. గోవిందప్ప దండం పెట్టాను, నా దండం పెట్టాను. నన్ను క్షేమంగా రుక్కమ్మ దగ్గరికి చేర్చమని అడిగాను.

బయటికి వచ్చేసరికి మెట్లు శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి. బూట్లు లేవు. పక్కన పోసిన మంచు కుప్పల్లో చేతులు పెట్టి వెతికాను. కావలివాణ్ణి సైగలతో అడిగితే తల అడ్డంగా ఊపాడు. ట్రాము ఎక్కుదామంటే పొగమంచు దిగి ట్రాములన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇక నడిచాను.

మొదట కాళ్ళు నిప్పుల మీద నడిచినట్టు మండాయి. తర్వాత సూదులు గుచ్చినట్టు. తర్వాత ఏమీ లేదు. నొప్పి పోయినందుకు సంతోషించాను కూడా, అంత తెలివితక్కువవాణ్ణి. దారి తప్పాను. ఏ వీధి చూసినా తెల్లగానే ఉంది. చివరికి మధ్యాహ్నం వేళకు ఎవరి ఇంటి గుమ్మం ముందో కూలబడ్డాను. వేళ్ళు చేత్తో పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియలేదు. రుక్కమ్మ అడిగిన ఒక్కటీ పోగొట్టుకున్నానని అప్పుడు భయపడ్డాను. ఇక లేవలేననుకున్నాను.

అప్పుడు అరికాళ్ళ కింద వెచ్చగా తగిలింది. కుంపటి మీదుగా కాళ్ళు వేలాడేసినట్టు సెగ కింది నుంచి పైకి వచ్చింది. వంగి చూశాను. మంచే ఉంది. వెంటనే వాసన వేసింది. గంజి పెట్టిన నూలు కాలే వాసన. ఆ వాసన తగిలితే నేతగాడు చచ్చి పడున్నా లేచి కూర్చుంటాడు. "అయ్యో, పడుగు!" అని అరిచి లేచాను. ఎక్కడ కాలుతోందో చూద్దామని ఆ వాసన పట్టుకుని రెండు మూడు సందులు తిరిగాను. ఎదురుగా మా బస ఉంది.

ఇంటి దొరసాని నా కాళ్ళు చూసి కేక పెట్టి డాక్టరును పిలిపించింది. ఎడమ కాలి బొటనవేలి పక్క వేలు నల్లబడింది. డాక్టరు దాని మొదట్లో తన వేలితో గీత గీసి, కోసేయాలన్నట్టు చూపించాడు. తెల్లారే దాకా చూద్దామని గోవిందప్ప చేతులు జోడించి బతిమాలాడు. మర్నాడు డాక్టరు వచ్చేసరికి వేలు ఎర్రగా ఉంది. సూదితో పొడిస్తే నేను ఇల్లు ఎగిరేలా అరిచాను. ఆయన ఇంకో డాక్టరును కూడా పిలుచుకొచ్చి చూపించాడు. డాక్టరు పూసిన మందు గొప్పదేమో అనుకున్నాను. సెగ, వాసన ఆకలి వల్ల కలిగిన భ్రమ అనుకున్నాను.

నేను ఊరు చేరినప్పుడు గడప దాటక ముందే మా అమ్మ మొదలుపెట్టింది. "నీ పెండ్లాం మగ్గం గుంతలో కుంపటి పెట్టింది నాయనా! యాడన్నా ఉండాదా ఈ చోద్యం? పడుగు కాలిపాయె. కొంప కాలకుండా పెరుమాళ్ కాపాడినాడు."

పసిబిడ్డయినా నూలు దగ్గరికి నిప్పు తేదు మా ఇళ్ళల్లో. రుక్కమ్మను అడిగాను.

"ఏకాదశి నాడు, దీపాలు పెట్టే యాళ," అంది. "ఇంకొక జాన నేసి లేద్దామని కూచుంటి. గుంతలో ఉన్నట్టుండి రొంబ సల్లగా అయిపాయె బావా. కాళ్ళు ఉండాయో లేవో తెలీలేదు. కుంపటి తెచ్చి దించినాను."

"పైన పడుగుండాదని తెలీదా?"

"తెలుసు. అయినా దించినాను."

మరి కాలు ఎందుకు ఈడుస్తున్నావని అడిగాను. ఆమె చీర అంచు కొంచెం పైకి లాగింది. ఎడమ కాలి బొటనవేలి పక్క వేలు నల్లగా, ఎండిన చింతపండులా ఉంది. మెట్టె లేదు. ఆ రాత్రికే వేలు వాచి మెట్టె బిగుసుకుపోతే కంసాలి చేత కోయించారట. మొగుడు సముద్రం అవతల ఉండగా మెట్టె కోయించిందని వీధంతా గుసగుసలు. నేను పోయాననే అనుకుని కొందరు ముసలమ్మలు ఆమెను చూడటానికి కూడా వచ్చారట. ఆమె మెట్టెకు బదులు దాని అవతలి వేలికి పసుపుదారం కట్టుకుని ఇంత కాలం కాచుకుంది. అది విని నేను ఆ గుంత పక్కనే కూర్చుని ఏడ్చాను.

లండన్‌లో మధ్యాహ్నమైతే మనకు దీపాల వేళ అని ఓడలో ఒక సరంగు చెప్పాడు. ఏకాదశి రెండు చోట్లా ఒకటే. నా సంగతంతా చెప్తే రుక్కమ్మ నవ్వేసింది. "నా కాళ్ళకి సలేస్తే కుంపటి పెట్టుకుంటి. నీకు పెట్టినానని యాడ చెప్పినా?" అంది.

నేనూ ఒప్పుకోలేదు. నిప్పు తగిలి వేలు కాలి ఉంటుంది, రెండూ ఒకే రోజు జరగడం కాకతాళీయం అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. గుడియాత్తంలో మార్గళి నెల చలికి మనిషి కాళ్ళు మొద్దుబారడం ఎవరూ ఎరగరన్నది మాత్రం ఆ లెక్కలో కలపలేదు.

ఆ వేలికి స్పర్శ తిరిగి రాలేదు. ముల్లు దిగినా ఆమెకు తెలియదు. ఒక పగటి పూట ఆమె పెరట్లో పొయ్యి మీద గంజి కాస్తోంది. నేను లోపల నేస్తున్నాను. ఉన్నట్టుండి నా ఎడమ కాలి వేలు భగ్గుమంది. చేతిలో పేక నూలు నాడె విసిరేసి గుంతలోంచి దూకి చూసుకున్నాను. గాయం లేదు, మచ్చ లేదు. మంట మాత్రం భరించలేను. ఎందుకో నాకే తెలియదు, కుంటుతూ పెరట్లోకి పరుగెత్తాను. రుక్కమ్మ తీరిగ్గా గంజి కలుపుతోంది. పొయ్యిలోంచి జారిన నిప్పుకణిక ఆమె వేలి మీద ఎర్రగా కూర్చుని ఉంది.

దాన్ని చేత్తోనే తోసేశాను. నా మంట ఆగిపోయింది.

"ఏమాయె బావా, అట్ల పరిగెత్తి వచ్చినావు?" అంది ఆమె.

ఇదెట్లా జరిగిందో నేను చెప్పలేను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. రోజూ పొద్దున్నే రుక్కమ్మ లేవకముందే వాకిలి నుంచి బావి దాకా వంగి ముళ్ళూ గాజుపెంకులూ ఏరుతాను. ముసలితనంలో పెండ్లాం మీద ఇంత ప్రేమా అని వీధిలో మగవాళ్ళు ఎగతాళి చేస్తారు. ప్రేమ సరే, నొప్పి నాకు కదా అని చెప్తే ఎవరు నమ్ముతారు? అందుకే నవ్వి ఊరుకుని, నా మానాన ముళ్ళు ఏరుకుంటాను.